నడుం దగ్గర బిగించొద్దమ్మా

ఇన్స్‌బ్రుక్, ఆస్ట్రియా
జనవరి

అమ్మకు,

నమస్కారాలు. నేనిక్కడ బాగున్నాను. నాయనకు మోకాళ్ల నొప్పి తగ్గిందని చెల్లి మెసేజ్ పెట్టాక మనసు కుదుటపడింది.

మొన్న ఫోన్‌లో నా స్కీయింగ్ కోటు గురించి నువ్వన్నదానికి అప్పుడే జవాబు చెబుదామనుకున్నాను. ఇంతలో షాపుకు ఎవరో కొలతలివ్వడానికి వచ్చారని పెట్టేశావు. అందుకే తీరిగ్గా రాస్తున్నాను. కోటు మరీ వదులుగా ఉంది, రంగు కళ్లకు కొడుతోంది, తిరుపతికి వచ్చేటప్పుడు తెస్తే నడుం దగ్గర రెండు డార్టులు వేసి ఒంటికి సరిపడేలా చేస్తానన్నావు. ఆ పని మాత్రం వద్దమ్మా. ఎందుకు వద్దో చెబితే మిషన్ మీద ఇన్నేళ్లుగా కూర్చున్న నీకే అందరికంటే బాగా అర్థమవుతుంది.

ముందు వదులు సంగతి. ఆ కోటు లోపల ఇంకో రెండు వేసుకోవాలి. ఒంటికి ఆనుకుని మెరీనో ఉన్ని బనియను, దాని మీద ఫ్లీసు అనే మెత్తటి నూగు బట్టతో కుట్టింది, అన్నిటికీ పైన కోటు. గాలినీ తడినీ ఆపడం వరకే కోటు పని. వెచ్చగా ఉంచేది ఆ పొరల్లో నిలిచి ఉండే గాలి. నువ్వు డార్టులు వేసి బిగిస్తే ఆ గాలికి చోటుండదు, ఫ్లీసు నలిగిపోతుంది, వంగినప్పుడల్లా కోటు పైకి లాగేస్తుంది. ప్యాంటు చూస్తే నీకు ఇంకా ముచ్చటేస్తుంది. మోకాళ్ల దగ్గర బట్టను ముందే వంపుతో కత్తిరించి కుడతారు. హ్యాంగర్‌కు తగిలించినా కాళ్లు కాస్త వంగినట్టే వేలాడుతుంది. మంచు మీద జారేటప్పుడు మోకాళ్లు వంచే నిలబడాలి కాబట్టి ఆ కటింగ్. కోటు చంకల కింద పొడుగాటి జిప్పులుంటాయి, ఒళ్లు వేడెక్కితే తీసుకోవడానికి. ఇవన్నీ పనికోసం పెట్టినవే, కానీ ఆ కటింగ్‌లోనే నాకు అందం కనిపిస్తుంది. కొలత తప్పని బ్లౌజును నువ్వు ఎత్తి పట్టుకుని చూసుకోవడం నేనెన్నిసార్లు చూడలేదు!

నువ్విచ్చిన కాటన్ బనియన్లు ఇంట్లో వేసుకుంటున్నాను, కొండ మీదికి మాత్రం కాదు. అలిపిరి నుంచి నడిచి వెళ్లేటప్పుడు మోకాళ్ల పర్వతం ఎక్కేసరికి ఒంటి మీది బట్ట తడిసి ముద్దవుతుంది కదా, డిసెంబర్‌లో అయితే పైన గాలి తగలగానే వణుకు పుడుతుంది. ఇక్కడా అదే జరుగుతుంది, కాకపోతే ఆ గాలి మైనస్ 10లో వీస్తుంది. గంటకు 40 కిలోమీటర్ల వేగంతో వీచిందంటే ఒంటికి మైనస్ 21 ఉన్నట్టు తగులుతుంది. కాటన్ చెమటను పీల్చి వదలదు. మెరీనో తడిసినా వెచ్చదనం అంతగా పోదు. సాక్సులు కూడా రెండు జతలు వద్దు, సన్నని జత ఒక్కటి చాలు. బూటు బిగుతైతే రక్తం ఆడక వేళ్లు ఇంకా చల్లబడతాయి.

ఇక శ్రీకాళహస్తి కలంకారీ నెమలిని కోటు వీపు మీద కుడదామన్నావు చూడు, ఆ ఆలోచన నాకెంత నచ్చిందో చెప్పలేను. కానీ కోటు మీద కుట్టకూడదు. ఆ బట్ట వెనక ఒక సన్నని పొర ఉంటుంది. 1969లో అమెరికాలో బాబ్ గోర్ అనే ఆయన టెఫ్లాన్ రకం ప్లాస్టిక్‌ను ఒక్కసారిగా గట్టిగా లాగితే అది కంటికి కనపడని రంధ్రాలతో సాగింది. గోర్‌టెక్స్ అనే ఇలాంటి పొర అలా పుట్టింది. ఆ రంధ్రాలు నీటి చుక్క కంటే వేల రెట్లు చిన్నవి, ఆవిరికి మాత్రం సరిపోతాయి. అందుకే బయటి తడి లోపలికి రాదు, లోపలి చెమట ఆవిరై బయటికి పోతుంది. ఇలాంటి కోట్ల లేబుల్ మీద 20,000 మిల్లీమీటర్లు అని వేస్తారు. 20 మీటర్ల ఎత్తు నీళ్లు నిలబెడితే పడేంత ఒత్తిడిని ఆ బట్ట తట్టుకుంటుందని అర్థం.

అంత గట్టి బట్టకు సూది తగిలితే? పడిన ప్రతి కుట్టూ ఒక చిల్లే. అందుకే లోపలివైపు ప్రతి కుట్టు మీదా వేడితో టేపు అతికిస్తారు. ఈసారి వచ్చినప్పుడు కోటు తిరగేసి చూపిస్తాను, నువ్వు గంటసేపు వదలవు. నెమలి కోసం మనం వీపంతా చిల్లులు పెడితే వాటిని మూసే టేపు మన దగ్గర లేదు.

రంగు మాత్రం నేను కోరి ఎంచుకున్నదే. నారింజ రంగంటే నాకు ఎప్పుడూ ఇష్టమని నీకు తెలుసు. పొగమంచులో మంచు కూడా పడుతుంటే ఆకాశమేదో నేలేదో తెలియదు. అప్పుడు తెల్ల కోటు వేసుకున్న మనిషి దగ్గరికి వచ్చేదాకా కనపడరు, నారింజ కోటు దూరం నుంచే తెలుస్తుంది. కోటు బట్టలో రెకో అనే చిన్న ముక్క కూడా కుట్టి ఉంది. దానికి బ్యాటరీ అక్కర్లేదు. మంచుచరియల కింద ఎవరైనా చిక్కుకుంటే వెతికేవాళ్ల యంత్రం పంపే సిగ్నల్‌ను అది తిప్పి పంపుతుంది.

అలాగని ఇక్కడివాళ్లకు షోకు లేదనుకోకు. 1950ల మొదట్లో పక్కనున్న జర్మనీలో, మ్యూనిక్‌లో, మరియా బోగ్నర్ అనే ఆవిడ సాగే బట్టతో ఒంటికి పట్టినట్టుండే స్కీ ప్యాంట్లు కుట్టింది. లోకమంతా వాటి వెంటపడింది. మా ఊళ్లో 1976 శీతాకాల ఒలింపిక్స్ జరిగినప్పుడు ఫ్రాంజ్ క్లామర్ అనే ఆస్ట్రియా స్కీయర్ పసుపు రంగు సూటులో పాట్షర్‌కోఫెల్ కొండ మీంచి దూసుకొచ్చి 0.33 సెకన్ల తేడాతో బంగారు పతకం గెలిచాడు. ఆ పసుపు సూటును ఇప్పటికీ గుర్తు చేసుకుంటారు. ఒంటికి అంత బిగుతుగా ఉండటం పందెగాడికి కావాలి, గాలి అడ్డుపడకుండా. ఫిబ్రవరిలో ఇక్కడికొచ్చి మొదటిసారి నేర్చుకుంటూ పదే పదే మంచులో కూలబడే మన చెల్లికి ఎందుకు?

చెల్లి నాకు పంపిన ఫోటో నీకూ చూపించే ఉంటుంది. నడుం దాకా వచ్చే పొట్టి తెల్ల జాకెట్టు, టోపీ చుట్టూ బొచ్చు. దాన్ని కొననివ్వకు. అసలు స్కీయింగ్ కోట్లలో నడుం లోపలివైపు ఎలాస్టిక్ పట్టీ ఒకటి ఉంటుంది, పడినప్పుడు మంచు లోపలికి దూరకుండా. ఆ పొట్టిదానికి అది లేదు. ఆ టోపీ హెల్మెట్ మీదికీ రాదు. ఇక్కడ కోటు, ప్యాంటు అన్నీ అద్దెకు దొరుకుతాయి, రంగులు బోలెడు, తనకు నచ్చింది తనే చూసుకుంటుంది. కళ్లజోడు కూడా అక్కడ కొనొద్దు. మంచు మీద పడిన ఎండలో అతినీలలోహిత కిరణాలు 80 శాతం దాకా తిరిగి ముఖానికే కొడతాయి. ముఖానికి గాలి చొరకుండా అతుక్కునే గాగుల్స్ కావాలి. మబ్బు రోజుల్లో నారింజ, గులాబీ రంగు అద్దాలైతే గుంటలూ మిట్టలూ బాగా తెలుస్తాయి. ఆ అద్దాలు షోకుగానూ ఉంటాయి, చెల్లికి నచ్చుతాయి.

నెమలికి నేనొక చోటు చూశాను. మధ్యాహ్నం కొండమీది హోటల్లో వేడి సూపు తాగేటప్పుడు అందరూ కోట్లు విప్పి కూర్చుంటారు. అప్పుడు పైకి కనపడేది ఫ్లీసే. చేతుల్లేని ఫ్లీసు చెల్లికొకటి, నాకొకటి కుట్టి, ఎడమవైపు ఎదమీద అరచేయంత నెమలిని వెయ్యి. వీపు మీద వద్దు, చెమట ఎక్కువగా పట్టేది అక్కడే. కలంకారీ ముక్కను ముందుగా చల్లటి నీళ్లలో జాడించి నీడలో ఆరబెట్టు. ఫ్లీసు సాగుతుంది కాబట్టి అంచులు మడిచి చేతికుట్టే వెయ్యి, దారం మరీ బిగించకు.

చెల్లి కొలతలు స్వెటర్ మీద తియ్యి. నావి పాతవే, ఛాతీకి మాత్రం రెండంగుళాలు కలుపు. తను ఫిబ్రవరిలో బయలుదేరేలోపు అయితే చాలు, షాపులో పెళ్లిళ్ల పని పక్కన పెట్టి నిద్ర మానుకుని కుట్టొద్దు.

నీ పెద్దమ్మాయి