నెల్లూరుకు మళ్లీ మళ్లీ ఎందుకు పోతామంటే

సంపాదకులు గారికి నమస్కారం.

మొన్న ఆదివారం మీ పత్రికలో, జనం ఒకసారి చూసి ఊరుకోకుండా మళ్లీ మళ్లీ పోయే నగరాల గురించి పేజీ నిండా వేశారు. సింగపూర్, దుబాయ్, పారిస్ ఉన్నాయి. మన దేశంలో కాశీ, జైపూర్, గోవా ఉన్నాయి. ఎందుకు పోతారో కూడా రాశారు. తిండి, షాపింగ్, చల్లటి వాతావరణం, మంచి హోటళ్లు. పేపరు నా చేతిలోంచి లాక్కుని మా చెల్లెలు "మన ఊరు ఏదక్కా ఇందులో?" అని వెతికింది. మన ఊరంటే మేముండే బద్వేలు కాదు, నెల్లూరు. అందుకే ఈ ఉత్తరం.

నేను ఇంట్లోనే మిషను పెట్టుకుని జాకెట్లు, డ్రెస్సులు కుడతాను. నేను చూసిన ఊళ్లు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. నెల్లూరుకు మాత్రం 2010 నుంచి పదమూడుసార్లు పోయాను, అన్నిసార్లూ మొహరానికే, రొట్టెల పండక్కి. మధ్యలో 2016లో మా అమ్మాయి పురుడని ఆగిపోయాను, కరోనా రెండేళ్లు పోలేకపోయాను. మిగతా ఏ ఏడూ తప్పలేదు.

తెలియనివాళ్ల కోసం చెప్తాను. నెల్లూరులో దర్గామిట్ట అని ఒక పేట ఉంది. అక్కడ స్వర్ణాల చెరువు గట్టున బారాషహీద్ దర్గా. బారా అంటే ఉర్దూలో పన్నెండు. పన్నెండు మంది వీరుల సమాధులు పక్కపక్కనే ఉంటాయి. మొహరం నాడు మొదలై ఐదు రోజులు పండగ. చెరువులో మోకాళ్ల లోతు నీళ్లలో నిలబడి జనం రొట్టెలు ఇచ్చిపుచ్చుకుంటారు. కోరిక ఉన్నవాళ్లు రొట్టె తీసుకుంటారు. అది తీరితే మరుసటేడు తాము ఒక రొట్టె తెచ్చి, అదే కోరిక ఉన్న ఇంకొకరికి ఇవ్వాలి. ఉద్యోగ రొట్టె, పెళ్లి రొట్టె, సంతాన రొట్టె, ఆరోగ్య రొట్టె, చదువు రొట్టె, ఇంటి రొట్టె, ఈ మధ్య వీసా రొట్టె కూడా. ఏ రొట్టె ఎక్కడ దొరుకుతుందో బోర్డులు పెడతారు. దర్గా ముస్లింలదే అయినా నీళ్లలో నిలబడేవాళ్లలో హిందువులు ఎంతమందో లెక్కే లేదు. అందరి తలల మీదా కొంగో, చున్నీయో, చేతిరుమాలో ఉంటుంది.

ఇది ఎలా మొదలైందో అక్కడివాళ్లు ఒక కథ చెప్పుకుంటారు. ఆర్కాటు నవాబుగారి భార్యకు ఏ మందుకూ లొంగని జబ్బు చేసిందట. చెరువు దగ్గర బట్టలుతికే దంపతులు ఒక రాత్రి అక్కడే నిద్రపోతే, ఆ ఇల్లాలికి కలలో ఈ వీరులు కనబడి మా సమాధుల మట్టి పట్టుకుపొమ్మన్నారట. ఆ మట్టితో జబ్బు నయమైందట. నయమైన తర్వాత నవాబు దంపతులు తామే ఇంత దూరం వచ్చి మొక్కి, తెచ్చుకున్న రొట్టెలు అందరికీ పంచారట. ఎంత నిజమో నాకు తెలియదు. నాకు నచ్చేది కథ చివర. పని అయిపోయాక కూడా వాళ్లు వచ్చారు.

నేను మొదటిసారి పోయింది 2010 డిసెంబరులో. మొహరం ఏటా పది పదకొండు రోజులు ముందే వస్తుంది కాబట్టి అప్పుడు చలికాలంలో పడింది. మా వాడు డిగ్రీ అయ్యి రెండేళ్లు ఖాళీగా ఉన్నాడు. పొద్దున పేపరు చూడటం, మధ్యాహ్నం పడుకోవడం, సాయంత్రం నాన్నకు ఎదురుపడకుండా బయటికి పోవడం. నాకు ఒకటే టెన్షన్. పక్కింటి ముస్లిం పెద్దమ్మ "నాతో రా, ఒకసారి చూద్దాం" అని తీసుకుపోయింది. నీళ్లు ఐసులా ఉన్నాయి. ఎటు చూసినా అరుపులు, "ఉద్యోగ రొట్టె! ఉద్యోగ రొట్టె ఎవరికి?" అని. నేను నోరు తెరిచి అడగలేకపోయాను. కొత్త, పైగా సిగ్గు. లుంగీ మోకాళ్ల పైకి మడిచి కట్టుకున్న ఒక పెద్దాయన నన్ను చూసి తనే వచ్చాడు. "ఎవరికమ్మా, కొడుక్కా?" అన్నాడు. తలూపాను. రొట్టె సగానికి తుంచి ఒక సగం నా కొంగులో పెట్టాడు. "మా వాడికి వచ్చింది తల్లీ. తెనాలి నుంచి ఇది ఇవ్వడానికే వచ్చా. వచ్చే ఏడు నువ్వు రావాలి" అన్నాడు.

ఆ రొట్టె ఇప్పటికీ కళ్లముందే ఉంది. అంచులు గట్టిపడ్డాయి, ఒక పక్క కొంచెం మాడింది, మధ్యలో బెల్లం తీపి. గట్టు మీద కూర్చుని, తడిసిన చీర కాళ్లకు చుట్టుకుంటుంటే, ముక్క ముక్కగా తిన్నాను. రొట్టె సంగతి పక్కన పెడితే, మా వీధిలో రెండేళ్లుగా ఒక్కరూ "వస్తుందిలే" అనలేదు. అందరూ "ఇంకా రాలేదా?" అనేవాళ్లే. ఈయనకు నా పేరు కూడా తెలియదు. వచ్చే ఏడు రా అన్నాడు, అంటే ఏడాదిలో వస్తుందని ఖాయం చేసుకున్నట్టే కదా.

2011లో మా వాడికి శ్రీసిటీలో ఒక కంపెనీలో పని దొరికింది. రొట్టె వల్లే దొరికిందని నేను ఎవరితోనూ వాదించను. వాడు తిరిగాడు, పరీక్షలు రాశాడు, ఇంటర్వ్యూలకు పోయాడు. కానీ రొట్టె బాకీ మాత్రం నాది. ఆ డిసెంబరులో మళ్లీ బస్సెక్కాను. నీళ్లలో దిగి "ఉద్యోగ రొట్టె!" అని అరిచింది నేనే. కిందటేడు నోరు పెగలని మనిషిని. నలుగురు నా వైపు ఉరికారు, అందరికీ తుంచి ఇచ్చాను.

లెక్క ప్రకారం నా పని అక్కడితో అయిపోయింది. తీసుకున్నాను, తిరిగి ఇచ్చాను. అయినా 2012లో మొహరం దగ్గరపడే కొద్దీ కాళ్లు ఆగలేదు. ఎందుకని మా ఆయన అడిగితే అప్పుడు చెప్పలేకపోయాను గానీ ఇప్పుడు చెప్పగలను. మామూలుగా నలుగురు కలిసిన చోట ఎవరైనా కష్టాలే చెప్పుకుంటారు. ఆస్పత్రి వరండాలోనైనా, బస్టాండులోనైనా, ఆఫీసు ముందు క్యూలోనైనా అంతే. ఆ చెరువులో మాత్రం సగం మంది మంచి కబురు మోసుకుని వచ్చినవాళ్లే. ఇల్లు కట్టుకున్నామని ఒకరు, మనవడు పుట్టాడని ఒకరు గొంతెత్తి చెప్తారు. మంచి జరిగిందని ఎవరైనా కేకపెట్టి చెప్పడం నేను ఇంకెక్కడా చూడలేదు, దిష్టి తగులుతుందని దాచుకుంటాం. అక్కడ దాచరు. ఇంకా తీరనివాళ్లు వింటారు కదా, వాళ్లకు ధైర్యమని.

అందరికీ తీరదు. అది కూడా రాయకపోతే అబద్ధమవుతుంది. మా చెల్లెలు 2012 నుంచి 2014 దాకా మూడేళ్లు సంతాన రొట్టె తీసుకుంది. పిల్లలు కలగలేదు. మూడో ఏడు, పసిపిల్లను చంకనేసుకుని రొట్టె పంచుతున్న ఒకావిడ ముందు ఇది కొంగు పట్టి నిలబడి ఉంటే నేను అటు చూడలేకపోయాను. ఆ పైఏడు ఇంక రాదనుకున్నాను. "రొట్టె తీసుకోనులే అక్కా, నీకు పిండి కలిపి పెట్టడానికి వస్తా" అంది. అప్పట్నుంచీ రొట్టెలు చేసేది అదే. బయలుదేరే రోజు రాత్రి రెండింటికి లేస్తుంది. గోధుమపిండిలో కరిగించి వడగట్టిన బెల్లం నీళ్లు, చెంచా నెయ్యి వేసి కలిపి, అరగంట తడిగుడ్డ కప్పి ఉంచుతుంది. పెనం మీద సన్నటి సెగన కాలుస్తుంది. చల్లారాక పాత నూలు చీర ముక్కలో చుట్టి స్టీలు డబ్బాలో పెడుతుంది. వేడి మీద మూత పెడితే చెమ్మ పట్టి పాడవుతాయని నాకు నేర్పింది కూడా అదే. బస్సు ఆత్మకూరు దాటి సంగం దగ్గర పెన్న కనబడగానే డబ్బా తెరిచి ఒకసారి చూసుకుంటుంది. ఏటా అక్కడే చూస్తుంది.

చెరువు గట్టున రొట్టెలు అమ్ముతారు. దూరం నుంచి వచ్చేవాళ్లకు, వంట చేసుకునే వీలు లేనివాళ్లకు అదే దారి, వాళ్లను తప్పు పట్టను. నాకు మాత్రం మనసొప్పదు. తీరిన కోరికకు ఇచ్చే రొట్టె ఇంటి పెనం మీద కాలాలి.

నెల్లూరులో చూడాల్సినవి వేరే ఉన్నాయి. పెన్న ఒడ్డున రంగనాయకుల గుడి గాలిగోపురం, మైపాడు సముద్రం. చేపల పులుసు, మలై కాజా సంగతి చెప్పనక్కర్లేదు. తిరుగు బస్సెక్కే ముందు కాజాలు ఒక కిలో కట్టించుకుంటాం. కానీ వీటి కోసమైతే ఒకటి రెండుసార్లు పోతాం. పదమూడుసార్లు పోము.

ఇక నేను ఈ ఉత్తరం రాయడానికి అసలు కారణం చెప్తాను. 2019 సెప్టెంబరులో మా ఆయన కోసం ఆరోగ్య రొట్టె తీసుకున్నాను. మరుసటి నెలలో గుండెకు ఆపరేషన్ అయ్యింది, బాగయ్యాడు. 2020లో ఇద్దామంటే కరోనా. 2021లోనూ అంతే. రెండేళ్లు ఆ రొట్టె బాకీ మీద పడి ఉంది. మా ఆయనకు కొంచెం ఆయాసం వచ్చినా "నేను ఇంకా తీర్చలేదే" అని గుండె గుబేలుమనేది. 2022 ఆగస్టులో పోయాం, ఇద్దరం కలిసి నీళ్లలో దిగాం. పచ్చ చున్నీ కప్పుకున్న ఒక అమ్మాయి వచ్చింది. ఇరవై ఏళ్లుంటాయేమో. చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో ఆస్పత్రి ఫైలు, తడవకుండా తలకంటే పైకి ఎత్తి పట్టుకుంది. వాళ్లమ్మకు డయాలసిస్ చేయిస్తున్నారట. మార్కాపురం వైపు అంది. నేను రొట్టె తుంచేలోపు మా ఆయన "మొత్తం ఇచ్చేయ్" అన్నాడు. ఇచ్చాను. "ఆంటీ, మీరు వచ్చే ఏడు కూడా వస్తారా?" అని అడిగింది. వస్తామన్నాను. ఇంకో మాట మాట్లాడబోయేలోపు విజిల్ ఊదారు, తాడు పట్టుకున్నవాళ్లు "ఇచ్చేశారు కదా, జరగండి జరగండి" అని ఆ అమ్మాయిని అటు, మమ్మల్ని ఇటు తోసేశారు. పేరు కూడా అడగలేదు.

2023లో, 24లో, 25లో ఆరోగ్య రొట్టె బోర్డు దగ్గర చూశాను. కనబడలేదు.

విజిల్ ఊదినవాళ్ల మీద నాకు కోపం లేదు. రాష్ట్ర పండుగ అయ్యాక జనం ఇంకా పెరిగారు, నీళ్లలో పిల్లలు, ముసలివాళ్లు ఉంటారు, ఒకచోట ఆగనిస్తే ప్రమాదం. కానీ ఏర్పాట్లు చేసే పెద్దలు ఒక్క మాట ఆలోచించాలి. గట్టు మీద ఉపన్యాసాల స్టేజీలకు, ఫ్లెక్సీలకు అంత చోటు ఇస్తున్నారు కదా, రొట్టె ఇచ్చినవాళ్లు, తీసుకున్నవాళ్లు పది నిమిషాలు కూర్చుని మాట్లాడుకోవడానికి ఒక్కో ఘాట్ దగ్గర ఒక షామియానా వెయ్యండి. నాలుగు చాపలు పరిస్తే చాలు. ఎవరిది ఏ ఊరో, ఎవరికి ఏం కావాలో చెప్పుకుంటారు. ఆడవాళ్లు తడిబట్టలు మార్చుకునే గదులు కూడా పెంచండి, ఉన్నవి ఏ మూలకూ చాలడం లేదు. తడి చీరతోనే బస్సెక్కిన ఏళ్లు నాకు చాలా ఉన్నాయి.

సంపాదకులు గారూ, మీరు కూడా ఒక పని చేయగలరు. ఏటా పండగప్పుడు ఎన్ని లక్షలమంది వచ్చారో, ఏ నాయకుడు ఏ రొట్టె పట్టుకున్నాడో వేస్తారు. ఈసారి రొట్టె తిరిగి ఇవ్వడానికి వచ్చినవాళ్లను ఒక నలుగురిని అడిగి రాయండి. ఎక్కడి నుంచి వచ్చారు, ఏం తీరింది, ఎన్నేళ్లు పట్టింది. ఆ నాలుగు మాటలు చదివి ధైర్యం తెచ్చుకునే ఇళ్లు చాలా ఉంటాయి.

ఈసారి మొహరం జూన్ ఆఖర్లో పడుతోంది. పచ్చ చున్నీ అమ్మాయి ఇది చదివితే, లేదా ఆమెను ఎరిగినవాళ్లు ఎవరైనా చదివితే, ఆమెకు ఒక మాట చెప్పండి. అమ్మకు ఎలా ఉన్నా సరే, ఇవ్వడానికి రొట్టె ఉన్నా లేకపోయినా సరే, రమ్మనండి. ఐదు రోజులూ మేము అక్కడే ఉంటాం. ఆరోగ్య రొట్టె బోర్డుకు ఎడమ పక్క, మూడో మెట్టు మీద. మా ఆయన తెల్ల టోపీ పెట్టుకుని ఉంటాడు. మా చెల్లెలి ఒళ్లో స్టీలు డబ్బా ఉంటుంది.

ఇట్లు,
బట్టలు కుట్టుకునే ఒక పాఠకురాలు,
బద్వేలు.