అమ్మేసే ముందు ఆ 3డీఎస్ వెనక మూత విప్పు

చిట్టితల్లీ,

"ఇది నేను పెరిగిన నింటెండో కాదు నాన్నా" అని రాశావు. ఆ జపాన్ ఆటల కంపెనీ వేసిన కొత్త గేమింగ్ మెషీన్ స్విచ్ 2 కొననన్నావు, నీ పాత మెషీన్లు డీఎస్ లైట్, 3డీఎస్, స్విచ్ కూడా అమ్మేస్తానన్నావు. కొనాలా వద్దా అన్నది నీ ఇష్టం. అమ్మడం మాత్రం ఒక నెల ఆపు. నీ దగ్గరున్న వాటిలో డబ్బు పెట్టినా మళ్ళీ దొరకనివి కొన్ని ఉన్నాయి. అవి చేజారకుండా ఏం చెయ్యాలో వరసగా రాస్తున్నాను, వారాంతంలో తీరిగ్గా కూర్చుని చెయ్యి.

ముందు నీ కోపం సంగతి. రెడ్మండ్‌లో పెరిగిన మీ పిల్లలందరిదీ ఒకటే తీరు. ఇంట్లో జీతం మైక్రోసాఫ్ట్‌ది, మనసు దాని పక్కనే అమెరికా ఆఫీసు పెట్టుకున్న నింటెండోది. మైక్రోసాఫ్ట్ ఆటల మెషీన్ ఎక్స్‌బాక్స్ మన ఊరి వస్తువే అయినా మీరు దాన్ని పరాయిదానిలా చూశారు. అంత ఇష్టపడ్డ కంపెనీ ఒక్క ఆటకి 79.99 డాలర్లు అడిగితే మనసు నొచ్చుకోవడం సహజం. కానీ నింటెండో నీ చిన్నప్పుడు మెత్తగా ఉండి ఇప్పుడు గట్టిపడిందనుకోకు. అది ఎప్పుడూ గట్టిదే. 1985లో అమెరికాలో ఎన్‌ఈఎస్ అనే ఆటల మెషీన్ అమ్మకానికి పెట్టినప్పుడే అందులో ఒక తాళం చిప్పు పెట్టింది. దాని జంట చిప్పు లేని క్యాసెట్ పనిచెయ్యదు. బయటి కంపెనీలు ఏడాదికి ఐదు ఆటలకి మించి వెయ్యకూడదు, క్యాసెట్లు నింటెండో చేతే చేయించుకోవాలి అని షరతులు పెట్టింది.

అదే కంపెనీ నీ చిన్నతనంలో చేసిన ఒక మంచి పని కూడా చెప్పాలి. చేతిలో పట్టుకుని ఆడే 3డీఎస్ 2011 మార్చి 27న 249.99 డాలర్లకి అమెరికాలో విడుదలైంది. అమ్మకాలు లేక ఆగస్టు 12న దాన్ని 169.99కి దించారు. ఐదు నెలలైనా కాకముందే 80 డాలర్లు తగ్గిందన్నమాట. అప్పటికే కొన్నవాళ్ళు మోసపోయామనుకోకుండా 20 పాత ఆటలు ఉచితంగా ఇచ్చారు, పది ఎన్‌ఈఎస్‌వి, పది గేమ్‌బాయ్ అడ్వాన్స్ అనే పాత చేతి మెషీన్‌వి. అప్పటి అధ్యక్షుడు సతోరు ఇవాతా తన జీతం సగానికి కోసుకున్నారు. వీ యూ అనే మెషీన్ అమ్ముడుపోక నష్టాలొచ్చినప్పుడు 2014లో ఇంకోసారి కోసుకున్నారు. ఆయన 2015 జూలైలో పోయారు. నువ్వు ఇష్టపడ్డ నింటెండోకి ముఖం ఆయనే, అందుకే నీకు ఆ లోటు ఇంతగా తెలుస్తోంది.

నా లెక్కలో అసలు మార్పు ధర కాదు. నువ్వు ఆడిన ఆట, ఎంతవరకు ఆడావో దాచుకున్న సేవ్ ఎక్కడ ఉంటున్నాయన్నదే మార్పు. 3డీఎస్‌కి ముందొచ్చిన డీఎస్‌లో ఆటా, సేవూ రెండూ ఆ చిన్న కార్డులోనే ఉండేవి. కార్డు స్నేహితురాలికి ఇస్తే నీ ఆట మొత్తం దాంతో పాటే వెళ్ళేది. 3డీఎస్‌కి వచ్చేసరికి కొనుక్కుని దింపుకున్న ఆటలు ఎస్‌డీ కార్డులోకి వెళ్ళాయి, అదీ ఆ ఒక్క మెషీన్ తెరవగలిగే తాళంతో. స్విచ్‌లో కార్డు పెట్టి ఆడినా సేవ్ మెషీన్ లోపలే ఉంటుంది. స్విచ్ 2లో కొన్ని ఆటలకైతే కార్డులో ఆటే ఉండదు. మెట్టు మెట్టుకీ నీ చేతిలోంచి కొంచెం కొంచెం జారింది. కాబట్టి ఏది ఎక్కడుందో చూసుకుని, నీ చేతికి తెచ్చుకోగలిగింది ఇప్పుడే తెచ్చుకో.

మొదలు 3డీఎస్‌తో పెట్టు. నీది 2011 నాటి మొదటి మోడల్. ఆన్ చేసే ముందు బల్ల మీద పెట్టి చూడు. చదునుగా కూర్చోక ఊగుతున్నా, వెనక మూత ఉబ్బినట్టున్నా ఛార్జర్ పెట్టకు. లిథియం బ్యాటరీ ఏళ్ళ తరబడి పూర్తిగా దిగిపోయి పడుంటే లోపల గ్యాస్ పుట్టి ఉబ్బుతుంది. వెనక మూతకి నాలుగు మరలుంటాయి. చిన్న ఫిలిప్స్ స్క్రూడ్రైవర్ వాడు, గట్టిగా కిందికి అదిమి పట్టుకుని తిప్పు. సైజు సరిపోనిది పెట్టి తిప్పితే మర తల అరిగిపోతుంది, ఆ తర్వాత దాన్ని తియ్యడం నరకం. మరలు పూర్తిగా బయటికి రావు, వదులైతే చాలు. మూత తీశాక బ్యాటరీ మీద సీటీఆర్-003 అని, 3.7 వోల్టులు, 1300 ఎంఏహెచ్ అని ఉంటుంది. పక్కనున్న గాడిలో గోరు పెట్టి ఎత్తితే వచ్చేస్తుంది. ఉబ్బిందైతే దాన్ని గుచ్చకు, వంచకు, చెత్తబుట్టలో వెయ్యకు. పాత బ్యాటరీలు తీసుకునే చోట ఇచ్చెయ్యి.

కొత్తది కొనేటప్పుడు అదే నంబరు చూడు. అదే సైజులో 2000 ఎంఏహెచ్ అని, అంటే ఎక్కువ ఛార్జి పడుతుందని రాసి అమ్మేవాళ్ళుంటారు, ఆ అంకె నమ్మకు. ఛార్జరు కూడా డబ్ల్యూఏపీ-002, అంటే 4.6 వోల్టులది. డీఎస్ లైట్‌ది దీనికి పట్టదు. ఛార్జింగ్ దీపం వెలిగి వెంటనే ఆరిపోతే మెషీన్ పోయిందని కంగారు పడకు, చాలాసార్లు బ్యాటరీ సరిగ్గా కూర్చోకపోవడమో, చచ్చిపోవడమో అయ్యుంటుంది. ఇకమీదట పక్కన పెట్టేటప్పుడు సగం ఛార్జితో పెట్టు, ఆరు నెలలకోసారైనా ఛార్జి చెయ్యి.

తర్వాత ఎస్‌డీ కార్డు. పవర్ బటన్ పట్టుకుని పూర్తిగా ఆపు, మూత మూసి నిద్రపుచ్చితే చాలదు. కార్డు తీసి కంప్యూటర్‌లో పెడితే రెండు ఫోల్డర్లు కనిపిస్తాయి. డీసీఐఎంలో నీ ఫొటోలు. 3డీలో తీసినవి ఎంపీఓ ఫైళ్ళుగా ఉంటాయి, కంప్యూటర్‌లో కొన్ని ప్రోగ్రాములు వాటిని మామూలు బొమ్మలా తెరుస్తాయి. వీటికి తాళం లేదు, ముందు వీటిని కాపీ చేసుకో. కొన్ని ఫొటోలు మెషీన్ లోపలి మెమరీలోనే ఉండిపోయి ఉండొచ్చు, కెమెరా యాప్‌లో చూసి వాటినీ కార్డులోకి పంపు. రెండో ఫోల్డర్ పేరు "నింటెండో 3డీఎస్". దాని లోపల 32 అక్షరాల పిచ్చి పేర్లతో ఫోల్డర్లుంటాయి. పేర్లు మార్చకు, విడగొట్టకు, మొత్తం ఉన్నదున్నట్టు కాపీ చెయ్యి.

ఈ కాపీ నీ మెషీన్‌కి తప్ప ఇంకే 3డీఎస్‌కీ పనికిరాదు. నీ మెషీన్‌కి కూడా, సెట్టింగ్స్‌లో సిస్టమ్ మెమరీ ఫార్మాట్ నొక్కావంటే పనికిరాదు, ఎందుకంటే ఫార్మాట్ చేస్తే అది కొత్త తాళం పుట్టించుకుంటుంది. ఆ బటన్ జోలికి వెళ్ళకు. మెషీన్‌తో వచ్చిన కార్డు 2 జీబీదే. 32 జీబీ కార్డుని కంప్యూటర్‌లో ఎఫ్‌ఏటీ32 అనే పద్ధతిలో ఫార్మాట్ చేసి ఫోల్డర్ దాంట్లో వేసుకుంటే సరిపోతుంది. సేవ్ కావట్లేదంటే కార్డు పక్కనున్న లాక్ కిందికి జరిగిందేమో చూడు.

కార్డులో చోటు దొరికాక 3డీఎస్‌లోని నింటెండో ఆన్‌లైన్ దుకాణం ఈషాప్‌లోకి వెళ్ళు. 2023 మార్చి 27న అక్కడ అమ్మకాలు ఆగిపోయాయి, కానీ ముందు కొన్నవి మళ్ళీ దింపుకోనిస్తున్నారు. ఎంత కాలం ఇస్తారన్నది వాళ్ళ చేతిలో ఉంది. అన్నీ ఇప్పుడే దింపుకో, ముఖ్యంగా ఆ 20 ఉచిత ఆటలు. వాటిలోని గేమ్‌బాయ్ అడ్వాన్స్ ఆటలు పది, మెట్రాయిడ్ ఫ్యూజన్, మినిష్ క్యాప్ లాంటివి, 3డీఎస్‌లో మరెవరికీ ఎప్పుడూ అమ్మలేదు. నువ్వు అమ్ముతానంటున్న మెషీన్‌లో ఉన్నవి ఇవీ!

వైఫై దగ్గర చిక్కొస్తుంది. 3డీఎస్‌కి 2.4 గిగాహెర్ట్జ్ వైఫై మాత్రమే తెలుసు, వైఫై తాళం పద్ధతుల్లో పాతదైన డబ్ల్యూపీఏ2 వరకే అర్థమవుతుంది. కొత్త రౌటర్ డబ్ల్యూపీఏ3లో ఉంటే ఎన్నిసార్లు పాస్‌వర్డ్ కొట్టినా కలవదు. రౌటర్‌లో ఒక గెస్ట్ నెట్‌వర్క్ తెరిచి 2.4, డబ్ల్యూపీఏ2 పెట్టి, పని కాగానే మూసెయ్యి.

ఇక నీ ఎంపోలియన్. పోకెమాన్ డైమండ్ అనే డీఎస్ ఆటలో మొదటి రోజు పిప్లప్ అనే చిన్న జీవిగా తీసుకుని పెంచినది అది. దాన్ని ఈనాటి ఆటల్లోకి తేవచ్చు, దారి పొడుగు. డైమండ్ నుంచి తర్వాతి డీఎస్ ఆట పోకెమాన్ బ్లాక్‌లోకి, అక్కడి నుంచి 3డీఎస్ యాప్ పోకే ట్రాన్స్‌పోర్టర్ ద్వారా, పోకెమాన్‌లని ఆన్‌లైన్‌లో దాచే పోకెమాన్ బ్యాంక్‌లోకి, బ్యాంక్ నుంచి దాని కొత్త రూపం పోకెమాన్ హోమ్‌లోకి. ప్రతి మెట్టూ ముందుకే, వెనక్కి రావడం ఉండదు.

మొదటి మెట్టుకి రెండు మెషీన్లు కావాలి. డీఎస్ లైట్‌లో డైమండ్ కార్డు, 3డీఎస్‌లో బ్లాక్ కార్డు పెట్టు. బ్లాక్‌లో కథ పూర్తయ్యాక రూట్ 15లో ట్రాన్స్‌ఫర్ ల్యాబ్ తెరుచుకుంటుంది. ఒక్కసారికి ఆరు పోకెమాన్‌లు వెళ్తాయి, దీనికి ఇంటర్నెట్ అక్కర్లేదు. ఇక్కడే చాలామంది ఆగిపోతారు. దారి దాటడానికి నేర్పే హెచ్‌ఎం విద్యలు, అంటే సర్ఫ్, వాటర్‌ఫాల్ లాంటివి వచ్చిన పోకెమాన్‌ని ల్యాబ్ తీసుకోదు. నీ ఎంపోలియన్‌కి సర్ఫ్ వచ్చు, వాటర్‌ఫాల్ కూడా నేర్పే ఉంటావు. డైమండ్‌లో కెనలేవ్ సిటీకి వెళ్ళి, అక్కడ విద్యలు మరపించే ముసలాయన దగ్గర అవి తీయించు. సర్ఫ్ తీసేశాక నీళ్ళు దాటడానికి ఇంకో పోకెమాన్ ఉందో లేదో ముందే చూసుకో. ఎంపోలియన్ చేతిలో పట్టుకున్న వస్తువులు కూడా తీసేసి, దాన్ని బాక్సులో పెట్టు.

ట్రాన్స్‌పోర్టర్ బ్లాక్‌లోని బాక్స్ 1 మాత్రమే చూస్తుంది, కాబట్టి పంపాలనుకున్నవన్నీ ముందే అందులోకి జరుపు. ఒక బాక్సుకి 30. బ్యాంక్, ట్రాన్స్‌పోర్టర్ కొత్తవాళ్ళకి ఇప్పుడు దొరకవు, ముందు దింపుకున్నవాళ్ళకే ఉన్నాయి. నీ మెషీన్‌లో రెండూ ఉన్నాయి, బ్యాంక్ ఇప్పుడు ఉచితం కూడా. హోమ్‌లోకి తేవడానికి మాత్రం డబ్బు కట్టే ప్రీమియం సభ్యత్వం కావాలి. ఏడాది కట్టక్కర్లేదు, 2.99 డాలర్ల 30 రోజులది చాలు. ప్రీమియం అయిపోయేలోపు ఎంపోలియన్‌ని స్విచ్‌లోని పోకెమాన్ ఆట బ్రిలియంట్ డైమండ్‌లోకి దించుకో. 3డీఎస్ ఆన్‌లైన్ ఆటలు 2024 ఏప్రిల్‌లో ఆగిపోయినా బ్యాంక్‌ని ఇంకా నడుపుతున్నారు. అది ఆపిన రోజు ఈ దారి మధ్యలో తెగిపోతుంది, డైమండ్ కార్డులో ఉన్నది ఇక అందులోనే.

డీఎస్ కార్డులకి బ్యాటరీ లేదు, సేవ్ దానంతట అది పోదు. మెషీన్ కార్డుని గుర్తించట్లేదంటే నోటితో ఊదకు. నోటి తడి ఆ బంగారు పూత కాంటాక్టుల మీద చేరి తుప్పుకి దారి తీస్తుంది. 90 శాతం పైన ఉన్న ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో దూదిపుల్ల ముంచి, పిండి, మెల్లగా తుడిచి, ఆరనిచ్చి పెట్టు. పాత గేమ్‌బాయ్‌లోని పోకెమాన్ గోల్డ్, సిల్వర్ ఆటలు వేరు. వాటిలో సేవ్ నిలబడేది బ్యాటరీ మీదే, అది చస్తే అంతా పోతుంది. గేమ్‌బాయ్ అడ్వాన్స్ పోకెమాన్ ఆటలు రూబీ, సఫైర్‌లో బ్యాటరీ పోతే ఆటలోని గడియారం ఆగుతుంది, అంతే. ఎవరైనా అమ్మజూపితే ఈ తేడా గుర్తుంచుకో.

నీ స్విచ్‌లో సేవ్ లోపలి మెమరీలో ఉంటుంది, మైక్రోఎస్‌డీ తీసి దాచుకుంటే సేవ్ దాంతో రాదు. ఆన్‌లైన్ సభ్యత్వం ఉంటే క్లౌడ్‌లోకి వెళ్తుంది, సభ్యత్వం ఆగాక 180 రోజులు ఉంచుతారు. కోపంలో సభ్యత్వం ఆపేశావో లేదో చూసుకో, ఆపేసి ఉంటే ఆ రోజు నుంచి లెక్కపెట్టుకో. స్ప్లటూన్ 2 లాంటి కొన్ని ఆటలకి క్లౌడ్ లేనే లేదు, వాటి సేవ్ ఇంకో స్విచ్‌కి పంపించి తీరాలి. స్విచ్ అమ్మాలనుకుంటే ఈ పని కానిదే ఫార్మాట్ చెయ్యకు.

స్విచ్ 2 మీద ఎప్పుడైనా మనసైతే, మెషీన్ కొనే ముందు కాదు, ఆటలు కొనే ముందు జాగ్రత్త పడు. డబ్బా ముందు వైపు కింద గేమ్-కీ కార్డు అని పట్టీ ఉంటే లోపలి కార్డులో తాళంచెవి మాత్రమే ఉంటుంది. మొదటిసారి ఇంటర్నెట్‌లో ఆట మొత్తం దింపుకోవాలి, ఆ తర్వాత కూడా కార్డు పెడితేనే నడుస్తుంది. ఇంకొకళ్ళకి ఇవ్వొచ్చు, అమ్ముకోవచ్చు, కానీ సర్వర్ ఆగిపోయాక కొత్త మెషీన్‌లో అది ఒట్టి ప్లాస్టిక్ ముక్క. స్ట్రీట్ ఫైటర్ 6 ఇలా వచ్చింది. సైబర్‌పంక్ 2077 మాత్రం 64 జీబీ కార్డులో పూర్తిగా వచ్చింది, మారియో కార్ట్ వరల్డ్ కూడా కార్డులోనే ఉంది. నీ కోపం నింటెండోకి తెలియాలంటే మెషీన్లు అమ్మెయ్యక్కర్లేదు తల్లీ, ఆట మొత్తం కార్డులో ఉన్నదే కొను, కీ కార్డులు షాపులోనే ఉండనీ. స్విచ్ 2లో ఆటలు దాచుకోవడానికి పాత మైక్రోఎస్‌డీ పనికిరాదు, మైక్రోఎస్‌డీ ఎక్స్‌ప్రెస్ రకమే కావాలి.

స్క్రూడ్రైవర్ ఈ ఉత్తరంతో పాటే పంపుతున్నాను. బ్యాటరీ నువ్వే అక్కడ కొనుక్కో. ల్యాబ్ ఎంపోలియన్‌ని తీసుకోనంటే ఏ విద్య మిగిలిపోయిందో చూసి నాకు ఫోన్ చెయ్యి.

నాన్న