పికప్‌లకు ఎత్తు పిచ్చి వద్దు

ఎడిటర్ గారికి,

మీ జిల్లా పేజీలో కోనసీమ రోడ్ల ఫొటోలు తరచూ వేస్తున్నారు. గోతుల్లో నీళ్ళు, ఆ నీళ్ళలో వరినాట్లు వేసి నిరసన తెలిపే జనం. వేయాల్సిందే. కాకపోతే ఆ రోడ్ల మీదే బతుకుతున్న బండ్లవాళ్ళు బండికి ఏం చేయించుకుంటున్నారో, అందులో ఎంత డబ్బు దండగవుతోందో కూడా ఎవరైనా రాయాలి కదండీ.

నాది పికప్. లంకల్లో అరటిగెలలు ఎక్కించుకుని ఏటిగట్టు మీదుగా రావులపాలెం మార్కెట్‌కి తోలతాను. ఈమధ్య మా వైపు బండ్లవాళ్ళకి ఎత్తు పిచ్చి పట్టుకుంది. కమాన్ కట్టల్లో (అంటే ఉక్కు పట్టీలు పేర్చి కట్టిన స్ప్రింగుల్లో) అదనంగా ఒక పట్టీ దూర్చడం, కట్టకీ యాక్సిల్‌కీ మధ్య దిమ్మ పెట్టించడం, ఆపైన పొడవాటి షాకబ్జర్లు తగిలించడం. ఫోన్లో కొండలెక్కే జీపుల వీడియోలు చూసొచ్చి కుర్రాళ్ళు అడుగుతున్నారు, షాపులవాళ్ళు సరే అని బిగించి పంపుతున్నారు. మన డెల్టాలో తిరిగే బండికి ఈ ఎత్తుతో పనేమీ లేదు. కంపెనీ ఇచ్చిన ఎత్తులోనే ఉంచి, షాకబ్జర్లు మంచివి వేసుకుంటే చాలు.

మారేడుమిల్లి అడవుల్లో తోలేవాళ్ళకి బండి కడుపుకి రాళ్ళు తగులుతాయి, వాళ్ళు ఎత్తు కావాలంటే అర్థం ఉంది. మన దగ్గర రాయేదండీ? అంతా నల్లమట్టి. వానకి ఉబ్బుతుంది, ఎండకి బీటలిచ్చి కుంగుతుంది, పైనున్న తారు కూడా దాంతోపాటే లేచి పడుతుంది. పక్కన చెరువులు తవ్విన చోట ఊటకి రోడ్డు అంచు జారిపోతోంది. తూముల దగ్గర మరీ ఘోరం. తూము పునాది మీద కదలకుండా నిలబడుతుంది, దానికి అటూ ఇటూ పోసిన మట్టి దిగిపోతుంది. ఎక్కేటప్పుడొక దెబ్బ, దిగేటప్పుడొక దెబ్బ. గోతిలో పడితే బండి ఒక్కసారి ఎగిరి ఊరుకుంటుంది. ఈ ఎత్తుపల్లాల మీద అలా కాదు, మొదటి ఊపు ఆగకముందే రెండోది అందుకుంటుంది. బండిని గుల్ల చేసేది ఇదే.

ఆ ఊపుని ఆపేది షాకబ్జర్. బరువు మోసేది కమాన్ కట్ట. ‘షాకులు వీకైపోయాయి, లోడు ఆగట్లేదు’ అని ఎంతమంది అంటారో! వెనక కూర్చుండిపోయిందంటే అది కట్ట తప్పో, మనం ఎక్కించిన లోడు తప్పో తప్ప షాకుది కాదు. అన్నట్టు 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం ఓవర్‌లోడుకి జరిమానా 20,000 రూపాయలు, ఆపైన ఎక్కువైన ప్రతి టన్నుకీ 2,000. అదనపు పట్టీ వేయించినంత మాత్రాన ఆ లెక్క మారదు.

షాకు లోపల ఉండేది నూనె, అందులో సన్నని రంధ్రాలున్న పిస్టన్. కట్ట ఊగినప్పుడల్లా నూనె ఆ రంధ్రాల్లోంచి ఇరుక్కుంటూ పోవాలి. ఆ ఇరుకులో ఊపంతా వేడిగా మారి బయటికి పోతుంది. గతుకుల్లో ఏకబిగిన నడిపితే మామూలు షాకులో నూనెకి గాలి కలిసి నురగ కడుతుంది. నురగకి ఆ రంధ్రాలు అడ్డే కాదు, కాబట్టి షాకు ఉన్నా లేనట్టే. నైట్రోజన్ గ్యాస్ నింపినవాటిలో ఆ ఒత్తిడి వల్ల నురగ త్వరగా కట్టదు.

మా మెకానిక్ నా బండి నుంచి విప్పిన పాత షాకుని కౌంటర్ మీద నిలబెట్టి అరచేత్తో నొక్కాడు. రాడ్డు ఏ అడ్డూ లేకుండా సగం దిగింది, అక్కడ కాస్త పట్టినట్టే పట్టి మళ్ళీ జారింది. చెయ్యి తీసేస్తే అక్కడే ఉండిపోయింది. సీలు చుట్టూ కారిన నూనె మీద దుమ్ము పేరుకుని నల్లటి జిగురైపోయింది. కొత్త గ్యాస్ షాకుని నొక్కడానికి ఒంటి బరువంతా మోపాడు. వదలగానే రాడ్డు నిదానంగా, దానంతటదే పైకి లేచింది.

షాపుకి వెళ్ళే ముందు టేపుతో కొలుచుకోండి. బండిని జాకీ మీద లేపి యాక్సిల్‌ని వేలాడనిస్తే షాకు బిగించే పై బోల్టుకీ కింది బోల్టుకీ మధ్య ఎంత దూరం వచ్చిందో, షాకు పూర్తిగా సాగినప్పుడు అంతకంటే కాస్త ఎక్కువే ఉండాలి. యాక్సిల్ పైకొచ్చి రబ్బరు స్టాపర్‌కి తగిలినప్పుడు ఉండే దూరం కన్నా షాకు మూసుకున్న పొడవు తక్కువ ఉండాలి. ఎత్తు పెంచిన బండ్ల కోసం చేసిన షాకుని మన బండికి వేస్తే స్టాపర్ కంటే ముందు అదే అడుక్కి కొట్టుకుంటుంది. అప్పుడు పోయేది పిస్టనో, చాసిస్‌కి ఉన్న బ్రాకెట్టో. బాగా గట్టిగా ఉన్నదే మంచిదనుకోవడమూ తప్పే. లోడుతో బాగుంటుంది, ఖాళీగా తిరిగొచ్చేటప్పుడు వెనక చక్రాలు గెంతులేస్తాయి. చక్రం నేలని వదిలితే బ్రేకు ఏం పట్టుకుంటుంది? ఒకపక్క గోదారి, ఇంకోపక్క అరటితోట, మధ్యలో గట్టు. ఎత్తు లేపిన బండి మీద గెలలు పేర్చుకుని అక్కడ ఎదురు బండికి సైడివ్వడం ఎంత టెన్షనో తోలినవాళ్ళకే తెలుసు.

వరదప్పుడు ఎత్తు పనికొస్తుంది కదా అంటారు. 2022 జూలైలో లంకలన్నీ చూశాం. కాజ్‌వే మీద నీళ్ళు పారుతుంటే రెండంగుళాలు ఏమూలకి?

షాకులు మార్చాక నాకు తేడా తెలిసింది గెలల దగ్గర. కుదుపుకి గెలలు ఒకదానికొకటి రాసుకుంటే దించేటప్పుడు కాయ బాగానే కనిపిస్తుంది, మాగేటప్పుడు మచ్చ బయటపడుతుంది. చక్కెరకేళి తోలు పల్చన, దానికి మరీను. ఆ మచ్చలకి వ్యాపారి కోసే రేటు ఇప్పుడు బాగా తగ్గింది. వెనక జత మామూలు షాకులు ఒక టైరు ఖరీదు కూడా ఉండవు. గ్యాస్‌వి కాస్త ఎక్కువే, అయినా ఊపుకి గుంటలు గుంటలుగా అరిగిపోయే టైర్లతో పోలిస్తే నయం. మార్చేటప్పుడు జతగానే మార్చాలి.

అనుమానం ఉన్నవాళ్ళు కాసేపు గతుకుల్లో నడిపి, బండి ఆపి నాలుగు షాకుల్నీ జాగ్రత్తగా ముట్టుకుని చూడండి. మూడు వేడిగా ఉండి ఒకటి చల్లగా ఉంటే ఆ ఒక్కటీ పనిచేయట్లేదని లెక్క.

స్పేర్ పార్టుల షాపులవాళ్ళకి ఒక మనవి. షాకు సాగిన పొడవు, మూసుకున్న పొడవు బిల్లు మీద రాసివ్వండి. ఆర్ అండ్ బీ వారికి ఇంకొకటి. రోడ్డంతా వేయడానికి నిధులు లేకపోతే, తూములకి అటూ ఇటూ దిగిపోయిన ముక్కనైనా ఈ వేసవిలో ఎత్తు చేయించండి. మేం షాకులు మార్చుకుంటాం, ఆటోలో కాన్పుకెళ్ళే ఆడపిల్లలు ఏం మార్చుకుంటారు?

ఇట్లు,
ఒక పికప్ బండి యజమాని,
కొత్తపేట మండలం, కోనసీమ జిల్లా