ఆ నోటీసు కూతురు చదివి చెప్పింది

సంపాదకులకు నమస్కారం.

ఒడిశాలోని పర్లాకిమిడి నుంచి రాస్తున్నాను. తిత్లీ తుఫానుకి మూడు వారాల ముందు, అంటే 2018 సెప్టెంబరులో, మా దగ్గరి ఊళ్లో ఒక బట్టల వ్యాపారిని చంపేశారు. సైకిల్ వెనక మూట కట్టుకుని సంతలు తిరిగేవాడు. సంత నుంచి వస్తూ చెరువు గట్టు దగ్గర పడి ఉన్నాడు. డబ్బులు జేబులోనే ఉన్నాయి, కాబట్టి దొంగల పని కాదని మొదటి రోజే అందరం అనుకున్నాం. మరి ఎవరి పని? ఇప్పటికీ తేలలేదు. ఊరి పేరూ మనిషి పేరూ రాయడం లేదు. ఆ ఇంటివాళ్లు ఇంకా అక్కడే బతకాలి.

అక్టోబరు 11న తుఫాను కొట్టింది. గజపతి జిల్లాలో కొండచరియలు విరిగిపడి ఎంతోమంది చనిపోయారు. పోలీసులు అటు పరుగెత్తారు, దాన్ని తప్పుపట్టను. గట్టు మీద ఆనవాళ్లేమైనా మిగిలి ఉంటే అవీ ఆ వానకి కొట్టుకుపోయాయి. తరవాత ఠాణాబాబులు, అంటే స్టేషన్ అధికారులు, మారుతూ వచ్చారు, నాకు తెలిసి నలుగురు. వచ్చిన ప్రతి ఒక్కరూ "మొదటి నుంచి చెప్పండి" అనేవారు. చనిపోయినతని భార్య మొదటి నుంచి చెప్పేది.

ఇవన్నీ నాకెలా తెలుసంటే, నేను అర్జీలు రాసిపెట్టేవాణ్ణి. తెలుగులో విని ఒడియాలో రాస్తాను. ఈ ఇంటికి తొమ్మిది రాశాను, వాటికి డబ్బులు తీసుకోలేదు.

2021లో, కరోనా రెండో విడత రోజుల్లో, ఆమెకి కోర్టు నుంచి కాగితం వచ్చింది. ఒడియాలో ఉంది. వేలిముద్ర వేసి తీసుకుంది. కేసు కదిలిందనుకుని, రేషన్ కార్డు ఉంచే ప్లాస్టిక్ కవరులో జాగ్రత్తగా పెట్టుకుంది. ఆ నెలంతా నేను జ్వరంతో మంచంలో ఉన్నాను. లేచాక ఆమెని అడగాల్సింది, అడగలేదు. నాలుగేళ్లు అది ఆ కవరులోనే ఉండిపోయింది. మొన్న కార్డు పనికి కవరు తీస్తే, ఎనిమిదో తరగతి చదువుతున్న కూతురి కంట పడింది. మా పిల్లలు బళ్లో నేర్చుకునేది ఒడియానే. హత్య జరిగింది నిజమే, చేసినవాళ్ల ఆచూకీ లేదు, పోలీసులు తుది నివేదిక ఇచ్చారు, అభ్యంతరం ఉంటే ఫలానా తేదీకి రావాలి అని ఉంది అందులో. తండ్రి పోయేనాటికి ఒకటో తరగతిలో ఉన్న పిల్ల, తల్లికి దాన్ని తెలుగులో చెప్పింది.

ఠాణా భాషలో దీన్ని 'ఎఫ్ఆర్‌టీ' (ఫైనల్ రిపోర్ట్ ట్రూ) అంటారు. నేరం నిజం, నేరస్తుడు దొరకలేదు అని. నోటీసు ఇవ్వకుండా కేసు మూసేశారని నేను అనడం లేదు. అలాంటి నివేదికని ఒప్పుకునే ముందు ఫిర్యాదుదారుకి తెలియజేసి, చెప్పేది వినాలని సుప్రీంకోర్టు 1985లోనే చెప్పింది. నోటీసు వచ్చింది కూడా. వచ్చిందేమిటో ఆమెకి తెలియలేదు, అంతే. ఆ 'అంతే'తోనే కేసు పోయింది.

సాక్షుల సంగతీ అంతే. సంతలో చివరిగా చూసినవాళ్లు తెలుగులో చెప్పారు, కానిస్టేబుల్ ఒడియాలో రాసుకున్నాడు. పోలీసులకిచ్చే వాంగ్మూలం మీద సాక్షి సంతకం ఉండకూడదని చట్టమే అంటుంది. ఏం రాశారో చదివి వినిపించమని మావాళ్లలో ఎవరూ అడగలేదు. ఇందులో మా తప్పూ ఉంది. "ఎవరు చేశారో ఊరందరికీ తెలుసు" అని అరుగుల మీద ఏడేళ్లుగా అనుకుంటున్నారు. ఆ మాట ఠాణాకి వెళ్లి చెప్పినవాడు ఒక్కడూ లేడు. అరుగు మీద మాట సాక్ష్యం కాదు. దాని మీద ఎవర్నో పట్టుకెళ్లమని అడగను కూడా అడగను.

2024 జులై 1 నుంచి వచ్చిన కొత్త చట్టం, భారతీయ నాగరిక్ సురక్షా సంహిత, 193వ సెక్షన్‌లో దర్యాప్తు ఎంతవరకు వచ్చిందో 90 రోజుల్లోగా బాధితులకి చెప్పాలని పెట్టింది. ఫోన్లో చెప్పినా చాలు. మంచిదే. ఏ భాషలో చెప్పాలో మాత్రం అందులో లేదు. మన అర్జీని దేశంలోగానీ రాష్ట్రంలోగానీ వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా ఇవ్వొచ్చని రాజ్యాంగం 350వ అధికరణం అంటుంది. జవాబు ఆ భాషలోనే రావాలని అదీ అనదు. జనం మాట్లాడే భాషే రాతలో ఉండాలని గిడుగు రామమూర్తి గారు పోరాడింది ఈ ఊళ్లో ఉండే. ఆగస్టు 29న ఆయన ఫొటోకి దండ వేస్తాం, మర్నాడు ఒడియా నోటీసు మీద వేలిముద్ర వేస్తాం.

ఒడియా మీద నాకు కోపం లేదు, నా కూడు ఆ భాషే పెడుతోంది. నేను అడిగేది చిన్నది. సరిహద్దు జిల్లాల్లో హత్య కేసు నోటీసు ఇచ్చేటప్పుడు, ఇంట్లోవాళ్లకి వచ్చిన భాషలో దాన్ని చదివి వినిపించి, వినిపించినట్టు రాయించుకోవాలి. అయిదు నిమిషాల పని.

హత్యకి కాలపరిమితి లేదు. కోర్టుకి వెళ్లిన నివేదిక మీద కూడా మళ్లీ దర్యాప్తు చేయొచ్చు. ఆడవాళ్లకి ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా లాయర్‌ని ఇస్తారు కాబట్టి జిల్లా న్యాయ సేవల సంస్థకి వెళ్లాం. ఆలస్యానికి కారణం చెప్పుకుంటూ అభ్యంతరం వేస్తున్నాం. దాంతోపాటు ఠాణాకి ఇవ్వడానికి పదో అర్జీ రాశాను. ఈసారి ఒడియా ప్రతి కింద తెలుగు ప్రతి కూడా కుట్టాను. తీసుకోం అని వాళ్లంటే 350వ అధికరణం చూపిస్తాను, జిరాక్సు తీయించి జేబులో పెట్టుకున్నాను.

— ఒక అర్జీల రాతగాడు, పర్లాకిమిడి