ఆపరేషన్ తర్వాతి రాత్రి గురించి ఆరోగ్య శాఖ మంత్రి గారికి

మంత్రి గారూ, నమస్కారం.

మీరు ధర్మవరం నుంచి గెలిచారు, మాది పక్కనే రాప్తాడు, కాబట్టి మా ఊళ్ల సంగతి మీకు విడమరిచి చెప్పక్కర్లేదు. మొన్న వానల్లో మా అమ్మ కళ్లంలో కాలుజారి పడింది, తుంటి ఎముక విరిగింది. అనంతపురంలో ఒక ఆసుపత్రిలో చేర్చాం. ఆపరేషన్ బాగా చేశారు, కార్డు చూపిస్తే రూపాయి కూడా అడగలేదు, దాని గురించి నాకు ఏ ఫిర్యాదూ లేదు. నేను రాస్తున్నది ఆ రాత్రి గురించి.

నడుములో ఇచ్చిన మత్తు సాయంత్రానికి దిగిపోయింది, సలుపు మొదలైంది. తొమ్మిదింటికి నొప్పి తగ్గడానికి డైక్లోఫెనాక్ సూది వేశారు, పదిన్నరకల్లా మళ్లీ మామూలే. సిస్టరమ్మ దగ్గరికి పోయి అడిగితే "కోసినాక నొప్పి ఉండదాప్పా, ఓర్చుకోమను" అంది. ఆమెను తప్పు పట్టను, అంత పెద్ద వార్డుకు ఆమె ఒక్కతే. ముగ్గురు బిడ్డల్ని ఇంట్లోనే కన్న మనిషి మా అమ్మ, అలాంటిది తెల్లవార్లూ మంచం పట్టీ పట్టుకుని, "విరిగిన కాలు అట్లే ఉండనిచ్చింటే పోయేది గదరా" అని ఏడ్చింది.

పొద్దున మత్తు డాక్టరు గారొచ్చి నొప్పికి పదికి ఎన్ని మార్కులేస్తావమ్మా అని అడిగారు. "మార్కులు నాకేం తెలుసప్పా, పదహారణాలూ ఉంది" అంది. ఆయన కేస్ షీట్ తిరగేసి, షుగర్ ఉంది, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ ఎక్కువుంది, కిడ్నీలకు చేటు చేసే డైక్లోఫెనాక్ ఈమెకు ఎవరు రాశారని అడిగి అది ఆపించారు. అడిగినా అడక్కపోయినా ఆరు గంటలకోసారి పారాసెటమాల్ ఇవ్వమన్నారు, స్కాన్ మిషన్‌లో చూస్తూ తొడ పైభాగంలో నరం పక్కన మత్తు సూది వేశారు. అరగంట తర్వాత "ఇప్పుడెంతమ్మా" అంటే "నాలుగణాలు" అంది, ఆ మధ్యాహ్నమే లేచి కూర్చుంది. మరి ఇదే పని ముందు రోజు సాయంత్రం, మత్తు దిగకముందే ఎందుకు చేయలేదు? దానికి నాకు దొరికిన జవాబు ఒక్కటే, నొప్పి సంగతి అడగడం, రాయడం అక్కడ ఎవరి డ్యూటీలోనూ లేదు.

ఇది సుఖం కోసం అడుగుతున్న మాట కాదు సార్. నొప్పి ఉన్న మనిషి గట్టిగా దగ్గదు, కదలదు. ఊపిరితిత్తుల్లో కఫం చేరుతుంది, కాళ్లలో రక్తం గడ్డకడుతుంది, వీపు పుండ్లు పడుతుంది. బాగా చేసిన ఆపరేషన్ కాస్తా మంచం మీద పాడవుతుంది.

ఇక మార్ఫిన్, అంటే నల్లమందు నుంచి తీసే గట్టి నొప్పి మందు. ఆ మాటెత్తగానే, మా దగ్గర లేదు, తెప్పించాలంటే కాగితాలు, రిజిస్టర్లు, తాళం బీరువా, ఎవరు పడతారు అన్నారు. ఒకప్పుడు అది నిజమే, 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం, అదే మత్తుమందుల చట్టం కింద నాలుగైదు లైసెన్సుల కోసం తిరగాల్సి వచ్చేది. కానీ 2014లో ఆ చట్టం సవరించారు. మార్ఫిన్, ఫెంటనిల్ లాంటి ఆరు మందులకు ఇప్పుడు రాష్ట్ర డ్రగ్స్ కంట్రోల్ వాళ్లు ఆసుపత్రికి గుర్తింపు ఇస్తే చాలు. ఆ విభాగం మీ శాఖ కిందే ఉంది! నల్లమందు మన దేశంలోనే, మధ్యప్రదేశ్, రాజస్థాన్, ఉత్తరప్రదేశ్ పొలాల్లో లైసెన్సు మీద పండుతోంది, నీముచ్, ఘాజీపూర్ సర్కారు ఫ్యాక్టరీలకు చేరుతోంది. అనంతపురం వార్డుకు మాత్రం రాదు.

అందరికీ మార్ఫిన్ పొడవమని నేననడం లేదు. అమెరికాలో చిన్నచిన్న ఆపరేషన్లకు కూడా సీసాలకు సీసాలు ఇలాంటి మాత్రలిచ్చి పంపి ఎన్ని కొంపలు ముంచారో చదివాను. మన దగ్గరా ట్రమడాల్ అనే నొప్పి మాత్రలను మత్తుకు వాడుతున్నారనే కదా 2018లో దాన్నీ ఆ చట్టం కిందికి తెచ్చారు. హెర్నియా, సిజేరియన్ లాంటివాటిలో చాలామందికి పారాసెటమాల్, ఇంకో నొప్పి మాత్ర, కోసిన చోట మత్తు సూది కలిపి ఇస్తే దాదాపు సరిపోతుంది. ఎముక, ఛాతీ, పెద్ద పొట్ట ఆపరేషన్లకు అవి చాలకపోవచ్చు. అప్పుడు మార్ఫిన్ లాంటిది రెండు మూడు రోజులు, ఆసుపత్రిలోనే, కొద్ది మోతాదులో ఇవ్వాలి. శ్వాస మందగిస్తుందేమో గంటగంటకూ చూడాలి, విరుగుడుగా నలాక్సోన్ పక్కనే ఉండాలి. కిడ్నీలు బాగా దెబ్బతిన్నవాళ్లలో మార్ఫిన్ ఒంట్లో పేరుకుంటుంది కాబట్టి వాళ్లకు ఫెంటనిల్ మేలని ఆ డాక్టరు గారే చెప్పారు. ఇవన్నీ తెలిసిన మనుషులు మన ఊళ్లోనే ఉన్నారు, రాత్రిపూట వార్డులో ఉండరు, అంతే.

కాబట్టి, బీపీ, జ్వరం రాసే చార్టులోనే నొప్పికీ ఒక గడి పెట్టించండి, నాలుగు గంటలకోసారి నింపమని జీవో ఇవ్వండి. అణాల్లో చెప్పినా రాసుకోమనండి. కర్నూలు, కడప, అనంతపురం జిల్లాల్లో ఆపరేషన్లు చేసే ప్రతి సర్కారు ఆసుపత్రికీ మార్ఫిన్ వాడే ఆ గుర్తింపు ఉందో లేదో ఒక వారంలో తెప్పించుకోండి, లేనిచోట ఇప్పించండి. డిశ్చార్జి చేసేటప్పుడు ఏ మాత్ర ఎన్నాళ్లు, ఎప్పుడు ఆపాలి అని తెలుగులో ఒక చీటీ ఇప్పించండి. మాకిచ్చిన చీటీ చదవడానికి మందుల షాపతన్ని బతిమాలుకోవాల్సి వచ్చింది.

మా అమ్మ ఇప్పుడు వాకర్‌తో వాకిలి దాకా నడుస్తోంది. పక్కింటి పిన్నమ్మకు వచ్చే నెల మోకాలి ఆపరేషన్. రాత్రికి ఎట్లుంటుందక్కా అని ఆమె వచ్చి అడిగితే, అమ్మ నా మొహం చూసింది.

ఇట్లు,
రాప్తాడు ఓటరు ఒకడు