ఆ బీరువా తాళం తీయించండి

సంపాదకులకు,

నమస్కారం. మా ఊరి శాఖా గ్రంథాలయంలో కథల పుస్తకాల బీరువాకు తాళం పడి ఆరు నెలలైంది. గ్రంథపాలకుడు రిటైరయ్యారు. ఇన్‌చార్జి వారానికి రెండు రోజులే వస్తారు, తాళంచెవి ఆయన దగ్గరే. మొన్న ఇంటర్ చదివే పిల్లవాడొకడు నేల మీద కూర్చుని, బీరువా అద్దం మీది దుమ్ము చొక్కా చేత్తో తుడిచి, కింది అరలో పుస్తకాల పేర్లు చదువుకుంటున్నాడు. నాకు రే బ్రాడ్‌బరీ గుర్తొచ్చాడు.

అంగారకుడి మీద మనుషులు కాపురాలు పెట్టినట్టు కథలు రాసిన ఈ అమెరికన్ రచయిత కాలేజీ గడప తొక్కలేదు. 1938లో హైస్కూలు అయిపోయింది, పై చదువుకు ఇంట్లో డబ్బుల్లేవు. లాస్ ఏంజెలెస్ వీధుల్లో పేపర్లు అమ్ముకుంటూ, వారానికి మూడు రోజుల చొప్పున పదేళ్లు పబ్లిక్ లైబ్రరీలో చదివాడు. వారానికో కథ రాయాలని పట్టుపట్టాడు. 1941లో ఒక మిత్రుడితో కలిసి రాసిన కథకు తొలిసారి డబ్బులొచ్చాయి, ఇద్దరికీ కలిపి ఇరవై ఏడున్నర డాలర్లు. పోయేనాటికి రాసినవి ఆరువందల దాకా ఉంటాయి. పుస్తకాలు తగలబెట్టే కాలాన్ని ఊహించిన ‘ఫారన్‌హీట్ 451’ తొలి రూపం కూడా ఓ యూనివర్సిటీ లైబ్రరీ కింది గదిలోనే పుట్టింది. అక్కడ టైప్‌రైటర్ అద్దె అరగంటకు పది సెంట్లు. నాణెం వేస్తేనే పని చేసేది. మొత్తం ఖర్చు 9 డాలర్ల 80 సెంట్లు!

2009లో, 88 ఏళ్ల వయసులో, కాలిఫోర్నియాలోని వెంచురాలో మూతపడబోతున్న చిన్న లైబ్రరీ కోసం విరాళాల సభకు వెళ్లి మాట్లాడాడు. అయినా అది మూతపడింది. 2012లో చనిపోతూ తన సొంత పుస్తకాలను పుట్టిన ఊరు వాకీగన్ లైబ్రరీకి రాసిచ్చాడు.

మనం ఇంటిపన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్ను కడుతున్నాం. నా రసీదులో ఆ పద్దు విడిగా ఉంది. ఆ సొమ్ము జిల్లా గ్రంథాలయ సంస్థకు పూర్తిగా, సకాలంలో చేరాలి. పోటీ పరీక్షల పుస్తకాలు కొంటున్నారు, సంతోషం, అవి కావాలి. కానీ కథలు చదివే పిల్లలు కూడా మన పిల్లలే కదా!

కొత్త భవనం అడగడం లేదు. ఖాళీగా ఉన్న పోస్టు భర్తీ చేయాలి. అది ఆలస్యమైతే, వేసవి సెలవులు ఇచ్చేలోగా కనీసం ఆ తాళంచెవి ఊళ్లోనే ఉండేలా అధికారులు చూడాలి.

– ఒక రిటైర్డ్ టీచర్, ప్రకాశం జిల్లా