మంత్రి గారూ, ముందు తాబో ఆలయం మట్టి పైకప్పు బాగుచేయించండి

గౌరవనీయులైన కేంద్ర సాంస్కృతిక, పర్యాటక శాఖల మంత్రి గారికి,

నమస్కారం. హిమాచల్ ప్రదేశ్ స్పితి లోయలో, పదివేల అడుగులకు పైన ఉన్న తాబో బౌద్ధారామం గురించి ఈ లేఖ.

పశ్చిమ టిబెట్‌లోని గూగే రాజ్యపు రాజు యేషే ఓద్ సా.శ. 996లో కట్టించిన ఆలయం అది. గోడలు మట్టివి, కప్పు కూడా దూలాల మీద పుల్లలు పరిచి మెత్తిన మట్టే. లోపల వైరోచన బుద్ధుడి విగ్రహం, గోడలకు ఆనించి మట్టి విగ్రహాలు, వాటి చుట్టూ దాదాపు వెయ్యేళ్ల నాటి వర్ణచిత్రాలు. 1975 కిన్నౌర్ భూకంపంలో దెబ్బతిన్నా నిలబడింది. స్పితిలో వాన చాలా తక్కువ కాబట్టే ఈ మట్టి ఇంతకాలం ఆగింది. మంచు పడితే పైకెక్కి తోసేస్తారు. వాన నీటిని అలా తోసెయ్యలేరు. అది కప్పులోకి ఇంకి, గోడ వెంట దిగి, బొమ్మల మీద బురద చారలు కడుతుంది. ఇప్పుడు అక్కడ కూడా వానల తీరు మారుతోంది.

మాది కృష్ణా తీరం. బుద్ధుడు కాలచక్రం అనే తంత్ర సాధనను మొదట ధాన్యకటకంలో, అంటే మా అమరావతిలో, బోధించాడని టిబెటన్ల నమ్మకం. దలైలామా 1996లో తాబో వెయ్యేళ్ల పండగకు కాలచక్ర దీక్ష ఇచ్చారు, 2006లో అమరావతిలో ఇచ్చారు. కానీ మా స్తూపం ఇప్పుడొక దిబ్బ, దాని శిల్పాలు చెన్నైలో, లండన్‌లో ఉన్నాయి. నాగార్జునకొండ లోయ సాగర్ నీళ్ల కింద ఉంది. తాబో ప్రాంగణంలో మాత్రం లామాల ప్రార్థన ఇంకా నడుస్తోంది. అందుకే నాకింత ఆరాటం.

పురావస్తు శాఖ మీ కిందే ఉంది. లామాలను సంప్రదించి, స్థానిక మేస్త్రీలతో ఆ కప్పుకు మళ్లీ మట్టి వేయించండి. దయచేసి సిమెంటు జోలికి పోనివ్వకండి. మట్టి గోడ తడిని బయటికి వదులుతుంది. సిమెంటు పూస్తే ఆ తడి లోపలే ఆగి బొమ్మల వైపు వస్తుంది.

పర్యాటకం కూడా మీదే కదా. 2020లో అటల్ సొరంగం తెరిచాక మనాలి వైపు దారి దగ్గరైంది. ఒక్కరోజులో 4,551 మీటర్ల కుంజుమ్ కనుమ దాటించి స్పితిలోని ముఖ్య పట్టణం కాజా చేర్చే ప్యాకేజీలు అమ్ముతున్నారు. పిల్లలు, పెద్దవాళ్లు తలనొప్పితో, వాంతులతో అల్లాడతారు. సిమ్లా, కిన్నౌర్ మీదుగా వస్తే ఎత్తు మెల్లగా పెరుగుతుంది, కాజా కంటే ముందు తాబోనే వస్తుంది. అక్కడ ఒక రాత్రి ఆగితే ఒంటికీ మంచిది, ఊళ్లో ఇళ్లు అద్దెకిచ్చేవాళ్లకూ నాలుగు డబ్బులు. మీ శాఖ ప్రకటనల్లో ఈ దారి గురించే చెప్పండి. ఆలయంలోకి ఒకసారి ఎంతమంది వెళ్లాలో లామాలనే నిర్ణయించనివ్వండి. చిన్న చీకటి గది, అందరి ఊపిరి తడీ ఆ గోడలకే పడుతుంది.

వచ్చే వానలలోపు కప్పు పని మొదలవ్వాలి. కొత్త ప్రచారాలు ఆ తర్వాత చేద్దురుగాని.

ఇట్లు,
అమరావతి దగ్గరి ఒక పౌరురాలు